తొక్కేవాళ్ల కోటు

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. ముగ్గురం అనగానే వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టకు, మూడో మనిషి అన్నయ్యే. సోమవారం మధ్యాహ్నం రైలు దిగాడు. దారి ఎవర్నీ అడగనని పంతం పట్టి రెండు వీధులు తప్పి, మూడో వీధిలో మమ్మల్ని పట్టుకున్నాడు. నీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందనీ, కొత్త చెప్పులు కరుస్తున్నాయనీ చెప్పాడు. కరిచేచోట కొవ్వొత్తి ముక్క రుద్దు, రెండు రోజుల్లో దారికొస్తాయి.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. అన్నిటికీ జవాబు రాస్తాను. "అన్నయ్యతో ఏ రోజు బయల్దేరుతున్నావు? వానలు ముదరకముందే వచ్చెయ్యి, వెనకగది సిద్ధం చేయించాను" అన్నది మొదటి ప్రశ్న. దాన్ని చివరికి జరుపుతున్నాను. కోప్పడకు. పక్కనున్నప్పుడు నీతో నోరు విప్పలేనిదాన్ని, కాగితం మీద కూడా పేజీలు నిండితేగాని నాకు ధైర్యం రాదు.

అల్లుడు వేళకి తింటున్నాడా అని అడిగావు. తింటున్నారు. ప్రెస్సులో పని ఎక్కువగా ఉంది. గోళ్లలో సిరా పోవడం లేదు గాని, మనిషి కులాసాగానే ఉన్నారు. అన్నయ్య వచ్చిన దగ్గర్నుంచీ బావా బావా అంటూ ఇద్దరూ ఒకరి కంచంలోది ఒకరు లాక్కుంటున్నారు.

కళ్లద్దాల పని కళ్లకి చెరుపు చెయ్యదా అని అడిగావు. చెయ్యదమ్మా. అద్దాలు అరగదీసే పని కొట్టు నడిపే పెద్దావిడా, ఆవిడ తమ్ముడూ చూసుకుంటారు. అరిగిన అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగుకి ఎత్తిపట్టి, గీత ఉందేమో చూసి కాగితంలో చుట్టడం నా పని. ఒక్కో అద్దంలోంచి చూస్తే ఎదుటి గోడ దగ్గరికొస్తుంది, ఒక్కోదాంట్లోంచి చూస్తే దూరం పోతుంది. ఇన్ని రకాలుగా మసకబారిన కళ్లు ఈ ఊళ్లో ఉన్నాయా అని ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు.

ఇక కోటు. "నేను పంపింది తొడుక్కుంటున్నావా, దాచిపెట్టావా?" అన్నావు. వెచ్చదనానికి దానికి వంక పెట్టేదేమీ లేదు. లోపల ఉన్ని, పైన రబ్బరు పూత, గడ్డందాకా గుండీలు, చెవులు మూసే టోపీ. తొడుక్కుంటే చీమ దూరే సందుండదు. నేను దాన్ని దాచిపెట్టలేదు, తొడుక్కున్నాను. ఎక్కడికి తొడుక్కున్నానో మాత్రం నీకు రాయలేదు. పోయిన మూడు ఉత్తరాల్లోనూ 'బల్ల దగ్గర కూర్చుని అద్దాలు తుడుస్తున్నాను' అని రాశాను. పొద్దున అది నిజమే. మధ్యాహ్నం నుంచి నేను కూర్చోను. తుడిచిన అద్దాల్ని పెట్టెలో సర్దుకుని, సైకిలెక్కి, ఏటి అవతలున్న మూడు కళ్లజోళ్ల దుకాణాలకి ఇచ్చి వస్తాను. ఏటి మీదున్నది నడకవంతెన, దానిమీద బస్సు పట్టదు, మోటారుబండిని పోనివ్వరు. అందుకని సైకిలు. ఎండైనా, వానైనా.

ఇక్కడ ఉత్తరం కింద పడేసి నువ్వు నాన్నని కేకేస్తావని తెలుసు. కేకెయ్యి. తర్వాత మళ్లీ తీసి చదువు.

సైకిలు నీ అల్లుడే నేర్పారు, ప్రెస్సు వెనక ఖాళీ జాగాలో. ఎండాకాలమంతా తొక్కాను, ఏ గొడవా లేదు. వానలు మొదలైన రోజున మాత్రం పెట్టె ముందు పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. నీకు తెలియనిదేముంది? మూడో ఏట నాకు నెమ్ము చేసి, నువ్వు పదకొండు రోజులు నన్ను ఒళ్లోంచి దించలేదట. అప్పట్నుంచీ నామీద వానచుక్క పడలేదు. ఏటా నాలుగు నెలలు వెనకగదే. పెళ్లయ్యాక నిరుడు కూడా అన్నయ్యొచ్చి తీసుకెళ్లాడు. ఇరవై రెండేళ్లొచ్చినా నాకు వాన చప్పుడు తెలుసు గాని వాన తెలియదు.

ఆ రోజు నువ్వు నేర్పినట్టే తొడుక్కున్నాను. రెండు బనీన్లు, స్వెట్టరు, శాలువా, ఆపైన నీ కోటు. గుమ్మంలో హాయిగా, వెచ్చగా ఉంది. వంతెన ఎక్కేసరికి ఊపిరాడలేదు. మొదటి దుకాణం చేరేసరికి ఒంటిమీద పొడి పోగు లేదు. బనీను పిండితే చెంబెడు నీళ్లొచ్చేట్టుంది. పైగా ఆగి నిలబడగానే ఆ తడంతా మంచులా అంటుకుంది. కోటు కారుతోందని, నీకెవరో నాసిరకం అంటగట్టారని ఏడుపొచ్చింది. నెమ్ము తిరగబెడుతుందని భయం కూడా వేసింది.

పెద్దావిడ నన్ను చూసి, "గొడుగుల తాత దగ్గరికి తీసుకుపో, కుట్లు మూస్తాడు" అంది. ఆయన మా సందు చివర్న ఉంటాడు. గొడుగులు బాగుచెయ్యడంతో మొదలుపెట్టి వానకోట్లు కుట్టేదాకా వచ్చాడు. పేరు మాత్రం గొడుగు దగ్గరే ఆగిపోయింది. దుకాణంలో నలుగురున్నారు. నా గొంతు ఎంత చిన్నదో నీకు తెలుసుగా, మూడుసార్లు చెబితేగాని ఆయనకి వినపడలేదు.

"ఏ కుట్టు కారుతోందమ్మాయ్?"

"అన్నీనండీ."

"అన్నీ కారితే అది కోటు కాదు, జల్లెడ."

కోటుని లోపలి గుడ్డ పైకి వచ్చేట్టు తిరగేసి, ఒక చేతి చివర తాడుతో బిగించి కట్టి, అందులో చెంబెడు నీళ్లు పోశాడు. మేకుకి తగిలించి టీ తాగుతూ కూర్చున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన టీ అయిపోయింది. కిందికి ఒక్క చుక్క రాలేదు.

"ఇప్పుడు వీపు దగ్గర లోపలి గుడ్డ నాలుకకి ఆనించి చూడు."

"ఛీ!"

"నీ కోటే గదా, అందులో ఎంగిలేముంది?"

నలుగురూ నవ్వారు. నేను గోడవైపు తిరిగి నాలుక ఆనించాను.

"ఎలా ఉంది?"

"ఉప్పగా."

"వాన ఎక్కడైనా ఉప్పగా కురుస్తుందా తల్లీ?"

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఆ తడంతా నాదేనా తాతగారూ?" అన్నాను.

"నీదే. వాన పాపం బయటే నిలబడిపోయింది, లోపల దానికి చోటేదీ? ఈ కోటుని తిట్టకు. కోటు మంచిదే. కాకపోతే ఇది కూర్చునేవాళ్ల కోటు. నీక్కావలసింది తొక్కేవాళ్ల కోటు."

ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు చూపించాడమ్మా. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. బడిలో కూర్చుని ఒక సంగతి తెలుసుకోవడం ఎలా ఉంటుందో మరిచిపోయాను. ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది.

కప్పులో వేడినీళ్లు పోసి, దాని మూతికి తను వానకోట్లు కుట్టే పల్చటి గుడ్డ ముక్క కట్టాడు. పైన గాజుగ్లాసు బోర్లించాడు. చూస్తుండగానే గ్లాసు లోపల మసక కమ్మింది. రోజూ అద్దాలమీద మసక తుడిచేదాన్ని కదా, వెంటనే పోల్చుకున్నాను, అది ఆవిరి. గుడ్డలోంచి పైకొచ్చింది. అప్పుడు గ్లాసు తీసేసి, కప్పుని నా అరచేతిమీద తలకిందులు చేశాడు. కాలుతుందని కళ్లు మూసుకున్నాను. ఏమీ పడలేదు. అదే గుడ్డ! ఆవిర్ని పోనిచ్చింది, నీటిని ఆపేసింది. ఎవర్ని వదలాలో ఎవర్ని ఆపాలో తెలిసిన గుడ్డ. నేను ఆ కప్పుని నాలుగుసార్లు తిప్పి చూశాను. తాత ఐదోసారి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చాల్లే, అది మాయ కాదు, నేత. అయినా ఈ గుడ్డ పంపగలిగే ఆవిరికీ ఒక లెక్కుంది. నువ్వు గట్టిగా తొక్కితే దాని వల్లా కాదు. అందుకే చంకల కింద జిప్పులు పెడతాను, ఎత్తెక్కేటప్పుడు తీసుకో."

చంకలనేసరికి నేను నేలచూపులు చూశాను. కొలతల దగ్గర ఇంకా సిగ్గు. నిటారుగా నిలబడితే ఒప్పుకోలేదు. ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, ముందుకి వంగి, హ్యాండిలు పట్టుకున్నట్టు బల్ల అంచు పట్టుకోమన్నాడు. ఆయన భార్య టేపు పెట్టి కొలిచింది. నిలబడ్డప్పుడు సరిపోయిన నీ కోటు, వంగేసరికి వీపు మీద జానెడు పైకి పోయింది, ముంజేతులు బయటపడ్డాయి, ముందుభాగమంతా ఒళ్లో కుప్పపడింది. "చూశావా? మనిషి నిలబడితే ఒక కొలత, పనిచేస్తే ఒక కొలత" అంది ఆవిడ. వెనక పొడుగు, ముందు పొట్టి, చేతులు వేళ్లదాకా, మణికట్టు దగ్గర బిగువు. టోపీ తలతోపాటే తిరగాలి, లేకపోతే పక్కకి చూసినప్పుడు టోపీ లోపలి గుడ్డే కనిపిస్తుంది, లారీ కాదు.

రంగు దగ్గర మాత్రం మొండికేశాను. బూడిదరంగు అడిగాను. నలుగురి కళ్లలో పడకుండా తిరగడం నాకు అలవాటు గదా. తాత గుడ్డుసొన లాంటి పసుపు తీశాడు.

"బాబోయ్, ఇదేమిటండీ, అందరూ చూస్తారు!"

"చూడాలనే. వానలో లారీవాడి కంట్లో పడకపోతే లారీ కిందే పడతావు. సిగ్గు ఇంటికొచ్చాక పడుదువుగాని."

వచ్చేటప్పుడు తాత భార్య ఇంకో మాట చెప్పింది. ఇది నువ్వు వింటే చెవులు మూసుకుంటావు. గుమ్మం దాటేటప్పుడు కొంచెం చలేయాలట. ఒక బనీను, ఒక పల్చటి ఉన్ని చొక్కా, పైన ఈ కోటు, అంతే. గుమ్మంలో వెచ్చగా ఉంటే వంతెన దగ్గర తడిసిపోయినట్టేనట. నువ్వు నాకు నేర్పినదానికి నూటికి నూరుపాళ్లు తలకిందులు. అయినా విన్నాను.

అమ్మా, కొత్త కోటు తొడుక్కుని మొదటిసారి వెళ్లిన రోజు వాన గురించి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. మాటలు చాలవు నాకు. బయల్దేరినప్పుడు పళ్లు కొట్టుకున్నాయి. రెండో మలుపు దగ్గర ఛాతీలో చిన్నగా రాజుకుంది. వంతెన ఎక్కేసరికి ఒళ్లంతా వెచ్చగా ఉంది. ఏ దుప్పటీ ఇవ్వలేదు ఆ వేడి, నాదే. నాలో ఒక పొయ్యి ఉందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. టోపీ మీద వాన వేయి వేళ్లతో తడుతోంది. చేతిమీద చుక్కలు పూసల్లా నిలబడి, నేను కదలగానే దొర్లిపోతున్నాయి. వంతెన నడిమధ్య ఆగాను. కింద ఏరంతా లేచి నిలబడ్డట్టుంది, పైనుంచి ఒక్కో చుక్క పడుతుంటే కిందినుంచి ఒక్కో ముల్లు లేస్తోంది. గట్లు కనపడలేదు. పైనా నీళ్లే, కిందా నీళ్లే, మధ్యలో నేను, పొడిగా! మొహం మాత్రం పైకెత్తి తడవనిచ్చాను. కళ్లలోకి పడింది, నోట్లోకి పడింది. చప్పగా ఉంది. అంత పెద్ద వస్తువు అంత చప్పగా, అంత మెత్తగా ఉంటుందని అనుకోలేదు.

వెనకనుంచి ఎవరో గంట కొట్టి, "పెళ్లిచూపులా అమ్మా, తప్పుకో!" అని అరిస్తే మళ్లీ తొక్కాను.

ఆ రోజుకీ ఇవాళ్టికీ ఇరవై మూడు రోజులు. ఇరవై మూడూ తొక్కాను.

ఇప్పుడు అన్నయ్య సంగతి. రాగానే చిలక్కొయ్యకున్న పసుపుకోటు చూసి, "ఇదెవరిది? ట్రాఫిక్ పోలీసేమైనా మీ ఇంట్లో అద్దెకుంటున్నాడా?" అన్నాడు. నాదని చెబితే పగలబడి నవ్వాడు. "ఒసేయ్ బొంతా, నువ్వా! వానలోనా! అమ్మకి తెలిస్తే ముందు నన్ను చంపుతుంది. సంచీ సర్దు."

బొంత అని పిలిస్తే చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. ఈసారి ఏడవలేదు. "అన్నయ్యా, రేపొక్కరోజు నాతో రా. చూసి, తర్వాత సర్దమను" అన్నాను. నా నోట అంత పొడుగు మాట విని అన్నయ్య నీ అల్లుడి వైపు చూశాడు. ఆయన కంచంలోకి చూసుకున్నారు.

మంగళవారం ప్రెస్సు సైకిలు తీసుకుని నాతో వచ్చాడు. నీ కోటే తొడుక్కున్నాడు, "అమ్మ కొన్న కోటు ముందు మీ తాత కుట్టిన కోటు ఎంత" అంటూ. ముందు వాడే, వెనక నేను. వంతెన ఎత్తులో నేను ముందు, వాడు వెనక. పైకెక్కి చూస్తే మెడలోంచి పొగ కక్కుతూ రైలింజన్‌లా వస్తున్నాడు. గుండీలన్నీ విప్పి గాలికి నిలబడ్డాడు. వద్దంటే వినలేదు. మూడో దుకాణం దగ్గర మెట్లమీద కూర్చుని, "ఎన్నిసార్లు వెళ్తావే రోజూ ఇట్లా?" అని మాత్రం అడిగాడు. అందులో నవ్వు లేదు.

నిన్నట్నుంచి పడిశం. రైల్లోనే పట్టిందంటున్నాడు, అలాగే కానీ. వాడికి ఆవిరి పట్టించి, వేడివేడిగా పెట్టి పడుకోబెట్టాను. కంగారుపడకు, తుమ్ములే గాని జ్వరం లేదు. "అమ్మకి ఏం చెబుతావు?" అంటే దుప్పట్లోంచి, "నేనేమీ చెప్పను, నువ్వే రాయి. నా గురించి మాత్రం కాస్త మంచిగా రాయి" అన్నాడు. రాశాను.

ఇక నీ మొదటి ప్రశ్న. నేను రావడం లేదమ్మా. శనివారం అన్నయ్య ఒక్కడే బయల్దేరతాడు.

పని పోతుందని మాత్రమే కాదు. పోతుంది కూడా. పెద్దావిడ చెప్పేసింది, "కళ్లజోళ్లు ఎక్కువ పగిలేది ఈ జారుడు నెలల్లోనే, అప్పుడు లేని మనిషి నాకెందుకు?" అని. నీ భయం నాకూ ఉంది కనక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఛాతీ ముందూ వెనకా గొట్టం పెట్టి విని, శుభ్రంగా ఉంది, దగ్గు వచ్చినా ఆయాసం వచ్చినా ఆ రోజే రా, లేకపోతే తొక్కుకో అంది.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు కలం పెట్టి తీశాను. ఆ కోటు లోపలి గుడ్డ నాలుకకి తగిలినప్పుడు ఆ రుచి నాకు కొత్త కాదు. వెనకగదిలో నా తలగడ అంచుదీ అదే రుచి. మధ్యాహ్నాలు నువ్వు నా వీపు కింద చెయ్యి పెట్టి చూసేదానివి. తడి తగిలితే, "అయ్యో, చెమ్మ లోపలికి వస్తోంది" అని ఇంకో దుప్పటి కప్పేదానివి. ఇంకాస్త తడిసేదాన్ని. వణికేదాన్ని. ఇంకోటి కప్పేదానివి. ఆ చెమ్మ నాదే కావచ్చు గదమ్మా అని తాత దుకాణంలోనే అనిపించింది. డాక్టరమ్మని అడిగాను. "ఇరవై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెవరు చెప్పగలరు? ఆ దుప్పట్ల వల్లే నువ్వు బతికి ఉండొచ్చు కూడా" అంది. కాబట్టి నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

కాని తెలిసినట్టే ఒక వారం నీమీద కోపంగా ఉన్నాను. పోయిన ఉత్తరం పొట్టిగా ఉందని అన్నావే, చలికి వేళ్లు కొంకర్లు పోయాయని రాశానే, అది అబద్ధం. అది కోపం. పంతులమ్మ రెండుసార్లు ఇంటికొచ్చి, "పిల్లకి చదువొస్తుంది, పంపండి" అంటే వానలు తగ్గాక అన్నావు. తగ్గేసరికి పరీక్షలు వెళ్లిపోయేవి. అదంతా వానది కాని తడి కోసమా అని మనసులో నిన్ను చాలా మాటలన్నాను. ఎదురుగా ఎన్నడూ అనలేనివి.

అది ఎలా పోయిందో చెబుతాను. పోయిన గురువారం వానలో వస్తూ, ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్న రోజు ఒక్కటైనా గుర్తుతెచ్చుకుందామని చూశాను, ఇంకా బాగా కోపం తెచ్చుకోవడానికే. ఒక్కటీ దొరకలేదు. ప్రతి జ్ఞాపకంలోనూ మంచం పక్క నువ్వున్నావు. అందరూ వరండాలో చేరి వాన చూస్తూ, "రావే, ఒక్క నిమిషం చూసి పో" అని నిన్ను పిలిచేవాళ్లు. "తలుపు తీస్తే దీనికి గాలి తగులుతుంది" అని నువ్వు లేచేదానివి కాదు. నేను వాన చూడలేదని లెక్కపెట్టుకుంటున్నాను గాని, నువ్వూ చూడలేదు. నాకైతే వానంటే తెలియదు, పోయిందేమిటో తెలియలేదు. నీకు తెలుసు. తెలిసి, అంత పెద్దదాన్ని, ఏటా, తలుపవతల వదిలేసి నా దగ్గర కూర్చున్నావు. ఏరు చూసినప్పుడు కూడా నేనంత నివ్వెరపోలేదమ్మా. సైకిలు దిగి, దాన్ని పట్టుకుని, ఇంటిదాకా నడిచే వచ్చాను.

అందుకని ఒకటి అడుగుతున్నాను. వెనకగది కిటికీ సందుల్లో ఏటా పాతచీర పేలికలు కుక్కుతావు గదా, ఈ ఏడూ కుక్కేసే ఉంటావు. అవి లాగెయ్యి. ఆ గదిలో ఇప్పుడు కాపాడవలసిన మనిషి ఎవరూ లేరు. రెక్కలు రెండూ బార్లా తెరిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చో. నాన్నని కూడా పిలువు. వాన పడుతున్నప్పుడు ఒక చెయ్యి బయటికి పెట్టు. ఎలా ఉందో నాకు రాయి.

ఇట్లు,
కోపం పోయిన
నీ చిన్నకూతురు